పళ్ళేల ముందు

సూది ఎడమ చంక కింద దిగింది, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో. ఊపిరి బిగబట్టు అంది ఫీప్ పిన్ని, బిగబట్టాను, దారం లాగింది, రవిక ఒంటికి ఇంకాస్త అతుక్కుంది. పదకొండేళ్ళుగా రోజూ సాయంత్రం ఈవిడ నన్ను బట్టల్లో పెట్టి కుట్టేస్తుంది, ఆట అయ్యాక కత్తెర పెట్టి విప్పుతుంది. హుక్కులుండవు, గుండీలుండవు, మా నాట్యానికి అంతే, ఎక్కడా ముడత పడకూడదు, గుడ్డా చర్మమూ ఒకటే అయిపోవాలి. కుట్టాక ఇక తిండి లేదు, దొడ్డికి వెళ్ళడం లేదు, అందుకే నాలుగింటి నుంచే నీళ్ళు ముట్టను. ఈ హోటల్లో మా గదికి ఒక పక్క వంటగది, ఇంకో పక్క బీరు సీసాల గది. నిన్నటి నూనెలోనే ఇవాళ్టి చేపలు వేస్తున్నారు, ఆ వాసన గోడ దాటి వచ్చి మొహం మీది పౌడర్‌లో కూర్చుంటుంది, ఇంటికెళ్ళి తలంటుకున్నా దిండు మీద అదే వాసన. ఫీప్ పిన్ని పళ్ళ మధ్య సూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, వినీ వినీ నాకు అర్థమవుతుంది. "కదలకే కొలాప్. నలభై మూడేళ్ళ దేవకన్యవి, ఈ గుడ్డేమో పదహారేళ్ళదానికి కొలిచింది. మధ్యాహ్నం ఏం తిన్నావ్?" ఏమీ తినలేదు పిన్నీ, రెండు అరటిపళ్ళు. "అవీ మానాల్సింది." కోతి వేషం వేసే చెందా మూల కూర్చుని ఫోను చూసుకుంటూ కిసుక్కున నవ్వింది. "పిన్నీ, అక్కని కుట్టకు, అంటించెయ్. నా దగ్గర జిగురుంది." పందొమ్మిదేళ్ళది, దానికి అన్నీ నవ్వే. ఆట అయ్యాక అతిథులు వదిలేసిన వంటకాలన్నీ మాకే పెడతారు, చెందా పళ్ళెం నిండా వడ్డించుకుని తింటుంది, నేను ముట్టను. పదకొండేళ్ళలో ఒక్క మెతుకు ముట్టలేదు. నాకు మిగిలిన పరువు అదొక్కటే.

కిరీటం రొయ్యల ఫ్రీజర్ మీద ఉంది. కిరీటంలో మా గురువులుంటారు, దాన్ని కింద పెట్టకూడదు, దాని వైపు కాళ్ళు చాపకూడదు, గదిలో అన్నిటికన్నా ఎత్తున ఉండాలి, ఈ గదిలో అన్నిటికన్నా ఎత్తైనది ఫ్రీజరే. కాబట్టి మా గురుపరంపర మొత్తం రొయ్యల మీద కొలువుంది. మొదటి రోజు అది చూసి వాంతి వచ్చినంత పనైంది. రెండో రోజు కొంచెం తగ్గింది. మూడో నెలకి అగరుబత్తులు గుచ్చడానికి ఇసుక పోసిన పాలడబ్బా నేనే తెచ్చి అక్కడ పెట్టాను. ఫ్రీజర్ గుర్రుమన్నప్పుడల్లా కిరీటానికి వేలాడే మల్లెమొగ్గలు వణుకుతాయి, చెందా అంటుంది గురువులు గురక పెడుతున్నారని. తిట్టాల్సింది పోయి ఒకసారి నవ్వాను కూడా.

వన్నాక్ తలుపు తట్టకుండా వచ్చాడు. మేనేజరు, ముప్పై ఏళ్ళుంటాయేమో, అక్కా అక్కా అంటూనే ప్రాణం తీస్తాడు. "అక్కా, ఇవాళ ముందు వరసలో మొదటి బల్ల జాగ్రత్త. రాజధాని నుంచి ఏదో సంఘం వాళ్ళు, వాళ్ళ వెంట విదేశీయులు పదిమంది. ఎవరో ముసలావిడకి సన్మానం చేసి ఇటు భోజనానికి తీసుకొస్తున్నారు. చిన్నప్పుడు రాజభవనంలో ఆడిందట. థావీ అట పేరు. మీ ఏటవతలే అన్నారు, తెలుసా నీకు?" ఫీప్ పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. చెందా ఫోను ఒళ్ళోకి దించింది. తెలీదు అన్నాను. "పోనీలే, తెలీకపోయినా కాస్త నవ్వు. నువ్వు నవ్వవని కిందటి వారం కూడా ఎవరో రాశారు. ఎనిమిది నిమిషాలు. దాటావంటే ఐస్‌క్రీం కరిగిపోతుంది, వంటవాడు నా మీద పడతాడు." వెళ్ళిపోయాడు, తలుపు వేయకుండానే.

తెలీదు. ముప్పై రెండేళ్ళు ఆవిడ చేతికింద పెరిగి, ఆవిడ బెత్తం గీతలు మోకాళ్ళ వెనక ఇంకా ఉండగా, తెలీదు. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి. పిన్నీ విప్పెయ్ అన్నాను, కడుపులో నొప్పని చెప్పు, చచ్చానని చెప్పు. ఆవిడ ఇంకో కుట్టు వేసింది. "విప్పాక నీ బదులు ఇందులో ఎవరు దూరతారే? నేనా? కోతినా?" నిజమే. కుడి పక్క అప్పటికే నడుం దాకా కుట్టేసింది, ఇక నా ఒళ్ళు నాది కాదు, ఆట అయ్యేదాకా హోటలుది. ఊపిరి పైపైనే వస్తోంది, భయానికో బిగువుకో తెలియడం లేదు. రేపు గురువారం. రేపు పొద్దున్న గురువమ్మ పిల్లలందరి ముందు నాకు పుస్తకం ఇస్తానంది. గురుపూజ పుస్తకం, ఎలకలు కొరికిన అంచులు, ఆవిడ గురువుగారి చేతిరాత. అది చేతికి వస్తేనే పూజ జరిపించే హక్కు, కొత్తగా వచ్చిన పిల్ల వేళ్ళు వెనక్కి వంచి మొదటి ముద్ర పట్టించే హక్కు. ఇప్పటిదాకా ఆవిడ పాఠం చెప్పే షెడ్డులో నేను పిల్లల మోకాళ్ళు సరిచేస్తాను, జడలు వేస్తాను, నేల ఊడుస్తాను, చేతులు మాత్రం ఆవిడే దిద్దుతుంది. ఆవిడకి డెబ్బై రెండు. కిందటి వానల నుంచి కప్పు పట్టుకుంటే టీ ఒలుకుతోంది. ఆవిడ తర్వాత ఆ ఇరవై ఆరుమంది పిల్లల వేళ్ళు పట్టుకునేవాళ్ళు లేకపోతే ఏటవతల ఆట అక్కడితో సరి. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఈ పుస్తకం కోసమే ఉన్నాను అనుకుంటాను, పైకి ఎవరితోనూ అనను. పోయిన గురువారం ఆవిడ నా మొహంలోకి చూసి ఒక్కటే మాట అంది. "పళ్ళేల ముందు ఆడని చెయ్యి కావాలే నాకు." నేను తల దించుకున్నాను. అలా దించుకుంటే అది నా చెయ్యేనని ఒప్పుకున్నట్టు, నాకు తెలుసు, తెలిసే దించుకున్నాను.

హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తానని చెప్పాను ఆవిడకి. ఈ పనిలో చేరిన వారమే చెప్పాను. ఇస్త్రీ చేసేవాళ్ళకి చేతుల మీద మచ్చలుంటాయి కదా అని ఒక ఆదివారం కావాలని మణికట్టుకి పెట్టె ఆనించి కాల్చుకున్నాను, ఆవిడ కలబంద గుజ్జు రాసింది, జాగ్రత్తే తల్లీ అంది. ఆ మచ్చ మీదే ఇప్పుడు ఫీప్ పిన్ని ఇత్తడి కడియం తొడుగుతోంది, సరిగ్గా కప్పుకుపోతుంది. ఆ కలబంద గుర్తొస్తే నన్ను నేను గోళ్ళతో రక్కుకోవాలనిపిస్తుంది. ఆవిడ వేలు తగిలింది అప్పుడు, ఎడమచేతి చిటికెన వేలు, వంగని వేలు. ఆ వేలి కథ నాకు పదకొండేళ్ళప్పుడు పెద్దపిల్లలు చెప్పారు. చెడ్డకాలంలో, అందరినీ పొలాలకి తోలి గంజినీళ్ళ మీద బతికించిన ఆ ఏళ్ళల్లో, ఒక పెద్దాఫీసరు విందు చేసుకున్నాడట, ఈవిడ రాజభవనంలో ఆడిందని ఎవరో చెప్పేశారట, పట్టుకొచ్చి మేం తింటుంటే నువ్వు ఆడు అన్నారట. తినే నోటి ముందు నా చెయ్యి లేవదు అందట గురువమ్మ. అప్పుడు విరిచారట వేలు, తుపాకీ మడమతో. ఈ కథ విన్న రోజు నాకు జ్వరం వచ్చింది. తర్వాత నేనూ పెద్దపిల్లనయ్యాక కొత్తపిల్లలకి నేనే చెప్పాను, ఏటా చెబుతాను, మడమ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి చెబుతాను. పొద్దున్న ఆ కథ చెప్పి సాయంత్రం వచ్చి పీతకాళ్ళు కొరికేవాళ్ళ ముందు ఆడతాను. మనిషినేనా నేను.

కిరీటం పెట్టుకునే ముందు హెంగ్ మామ దగ్గరికి వెళ్ళాను, కర్రపలకల వాద్యం వాయించే ఆయన, వెనక మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్నాడు. మామా, ఇవాళ మొత్తం వాయించు అన్నాను. "మొత్తమా? ఇరవై నిమిషాలదా? వన్నాక్ నన్ను తరిగి కూరలో వేస్తాడే." ముందు బల్ల దగ్గర థావీ గురువమ్మ కూర్చుంటుంది అన్నాను. ఆయన సిగరెట్‌ని చెప్పుతో నలిపాడు. "ఆవిడ ముందు కత్తిరించింది వాయిస్తే నా చేతులు పడిపోతాయి. సరే. నీకు గుర్తుందా మరి, మొగ్గ, పువ్వు, కాయ?" నాకు పాఠం చెప్పకు మామా అన్నాను. ఎందుకు గుర్తుండదు, గిన్నెలు తోముతూ కూడా పెడతాను ఆ ముద్రలు. మా ఆటలో చెయ్యే చెట్టు, మొలక, తీగ, ఆకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు, చివరికి పండు రాలడం, ప్రతిదానికీ ఒక పాట, దేవకన్య తోటలో తిరుగుతూ ఒక చెట్టు బతుకంతా చేతిలో చూపిస్తుంది. అతిథులకి అంత ఓపిక ఉండదని మొదటి ఏడాదే మొగ్గ, పువ్వు, కాయ తీసేశారు. ఆకు తర్వాత పండే. ఎవరూ ఏమీ అడగలేదు, ఏ దేశంవాళ్ళూ, మావాళ్ళూ కూడా. ఇవాళ మూడూ పెడతాను. ఆడకూడని చోట ఆడానని తెలిస్తే తెలియనీ, ఆడిందేదో పూర్తిగా ఆడానని ఆవిడ కళ్ళారా చూడాలి. అంతకన్నా నా దగ్గర చూపించడానికేం ఉంది. ఫ్రీజర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టుకున్నాను, ఎవరికి పెడుతున్నానో, రొయ్యలకో గురువులకో, ఫీప్ పిన్ని తూర్పుకి తిప్పి కిరీటం పెట్టింది, మెడ ఒక్కసారి కిందికి కుంగింది.

వేదిక మీద దీపాలు. బయట చీకటనుకుంటారు చూసేవాళ్ళు, మాకు అన్నీ కనబడతాయి. చూడకూడదు, దేవకన్య చూపు మనుషుల తలల మీదుగా పోవాలి, పదకొండేళ్ళుగా అలాగే పోనిస్తున్నాను, కాని చెవుల్ని ఎక్కడికి పోనివ్వను, పళ్ళేలకి చెంచాలు తగిలే చప్పుడు, ఎముకల్లోంచి మూలుగ పీల్చే చప్పుడు, ఎవరో పెద్దమనిషి ఫోనులో ఇసుక లారీల బేరం. పాట మొదలైంది, మొలక, చూపుడువేలు నిటారుగా లేచింది. ఈ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టి వెనక్కి వంచి వంచి ఏడిపించి తయారుచేసింది ఆవిడ, వేళ్ళు మణికట్టుని తాకేదాకా, రాత్రిళ్ళు నొప్పికి ఏడిస్తే అరటిబోదె నీళ్ళలో ముంచి ఉంచేది, ఎవరికే ఇదంతా అని మా అమ్మ అడిగితే దేవతలకమ్మా, వానలకి, చచ్చిపోయినవాళ్ళకి అంది, ఆ మాటకి మా అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆ వేళ్ళ కింద ఎర్రచొక్కా ఆయన పంటిపుల్లతో దవడపన్ను కెలుక్కుంటున్నాడు. దొరికింది. చూసుకుని మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. తీగ, మణికట్టు తిప్పాను. ఒకామె నోటినిండా కొబ్బరిపాల చేపకూర పెట్టుకుని నన్ను ఫోటో తీస్తోంది, బుగ్గ ఉబ్బి ఉంది, నమలడం మరిచిపోయి తీస్తోంది, పసుపురంగు రసం గడ్డం మీదికి జారింది. మావాళ్ళే రెండు బల్లల నిండా ఉన్నారు, ఏదో కంపెనీ పార్టీ, వాళ్ళయితే వేదికకి వీపు పెట్టి కూర్చున్నారు, అది కొంత నయం. దేవుడి ముందు పెట్టిన నైవేద్యం తింటున్నట్టు తినరు వీళ్ళు, సినిమా హాల్లో మరమరాలు తిన్నట్టు తింటారు, నన్ను కూడా అందులో కలుపుకుని తింటారు, చేపముక్క, నా మోచెయ్యి, ఊరగాయ, నా పాదం. ఛీ. అటు చూడకూడదనుకున్న మొదటి బల్ల వైపు చూపు దానంతటది దిగింది.

కూర్చుని ఉంది. ఎంత చిన్నగా ఉందో కుర్చీలో. తెల్ల జాకెట్టు, గుండు మీద అరంగుళం నెరిసిన జుట్టు, పట్టు లుంగీ, నేను కొన్నదే. సంఘం మనిషెవరో ఆవిడ పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పోగేసినట్టున్నాడు, చేపకూర, వేయించిన నూడుల్స్, మాంసం, దాని పక్కనే పుచ్చకాయ ముక్క, రసాలన్నీ కలిసిపోతున్నాయి. నా వైపు చూస్తోంది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు, పిల్లల వరసని చూసినట్టు చూస్తోంది, ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, తర్వాత చేతులు. నా గజ్జె ఒకటి తప్పు మోగింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే బాగుండు, బల్ల తన్ని వెళ్ళిపోతే, సంఘం వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తుంటే. ఆవిడ చెంచా తీసుకుంది. అన్నం తీసుకుంది, కూర అద్దుకుంది, నోట్లో పెట్టుకుంది. తింటోంది. నేను ఆడుతుంటే గురువమ్మ తింటోంది. మూడు పళ్ళే ఉన్నాయి ఒక పక్క, ముద్దని అటు తోసుకుని నెమ్మదిగా నములుతోంది, పెదవి మీద నూనె మెరుస్తోంది, కళ్ళు మాత్రం నా చేతి మీదే. షెడ్డులో పాఠం జరుగుతుంటే ఎవరైనా చింతకాయ చీకినా వీపు పగలగొట్టిన మనిషి. నా మీద అసహ్యం అలవాటైపోయింది, అది నా ఇంటిమనిషి, కాని ఆవిడ మీద అసహ్యం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ నూనె తుడుచుకోమని అరవాలనిపించింది.

ఆకు. నాలుగు వేళ్ళు కలిపి వెనక్కి, బొటనవేలు అరచేతిలోకి. ఇక మొగ్గ. హెంగ్ మామ మాటిచ్చినట్టే మొగ్గ పాటలోకి మళ్ళాడు, ఎన్నేళ్ళకి విన్నానో ఆ వరస, వెనక గాయని గొంతు కూడా ఒక్క క్షణం తడబడి అందుకుంది. నా చెయ్యి లేచింది. లేచి, పండు పట్టింది. నేను పట్టించలేదు. మొగ్గ అనుకున్నాను, మనసులో మొగ్గ కళ్ళకి కట్టినట్టుంది, వేళ్ళేమో పండు దగ్గరికి వెళ్ళిపోయాయి, రోజూ వెళ్ళే దారినే, బండెద్దు ఇంటికి వెళ్ళినట్టు. వెనక్కి తీసుకుందామంటే పాదం అప్పటికే తిరిగింది, పాదం వెంట నడుం, నడుం వెంట మెడ, పండు రాలింది, మోకాలు నేల తాకింది, చేతులు జోడయ్యాయి, అయిపోయింది. ఒళ్ళు మొత్తం ఆట ముగించేసి కూర్చుంది, పాట ఇంకా మొగ్గలోనే ఉంది. అతిథులు అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. కుర్చీలు జరిగాయి, ఐస్‌క్రీం అన్నారు ఎవరో, లైను కట్టారు. హెంగ్ మామ నా వైపు చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు, వస్తావేమో వస్తావేమో అని, నేను మోకాళ్ళ మీద చేతులు జోడించుకుని కొయ్యలా ఉండిపోయాను, ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. చివరికి ఒక్కో పలక తగ్గించుకుంటూ ఆపేశాడు. మొదటి బల్ల దగ్గర గురువమ్మ చెంచా కింద పెట్టేసింది. ఆవిడ కుడిచెయ్యి బల్లగుడ్డ మీద, ఎంగిలి పళ్ళెం పక్కన, మొగ్గ పట్టి ఉంది. వణుకుతూనే విచ్చుకుని పువ్వయింది. తర్వాత కాయ. ఎవరూ చూడలేదు, పక్కన కూర్చున్న సంఘం మనిషి కూడా చూడలేదు, ఐస్‌క్రీం తెమ్మంటారా అని అడుగుతున్నాడు.

తర్వాత ఫోటోలు. అతిథులు వేదిక ఎక్కి మా నడుముల చుట్టూ చేతులు వేస్తారు, అదీ జీతంలో భాగమే. ఎర్రచొక్కా ఆయన నా కిరీటం మొన పట్టుకుని ఊపి చూశాడు, బంగారమా అని, తల మీద చెయ్యి పెట్టాడు, మా ఇంట్లో అమ్మ కూడా అడగకుండా పెట్టదు. నవ్వు అక్కా అని వన్నాక్ కింద నుంచి సైగ చేశాడు. నవ్వాను. దవడ నొప్పి పుట్టేదాకా నవ్వాను, ఆయన వేళ్ళ చేపకూర వాసన నా మల్లెపూలకి అంటింది.

గదిలోకి వచ్చేసరికి గురువమ్మ ఉంది. ఫీప్ పిన్ని స్టూలు వేసి కూర్చోబెట్టినట్టుంది, తనేమో గోడకి ఆనుకుని నిలబడింది, చెందా ఎన్నడూ లేనిది చేతులు కట్టుకుంది. ఆవిడ ఒళ్ళో మూత పెట్టిన పళ్ళెం. నేను నేల మీద సాగిలపడదామంటే కుట్లు వంగనివ్వలేదు, సగం వంగి ఆగిపోయాను. ఆవిడ ఫ్రీజర్ వైపు చూసింది, అగరుబత్తుల డబ్బా వైపు చూసింది. "కత్తెర ఏదే ఫీప్?" అంది. వాళ్ళిద్దరినీ బయటికి పొమ్మంది. నన్ను పక్కకి తిప్పి చంక కింద కత్తెర పెట్టింది, ఆ చేతుల వణుకుకి చర్మం తెగుతుందనుకున్నాను, తెగినా సరే అనుకున్నాను. టక్కుమని మొదటి దారం.

"మూడు మింగేశావ్," అంది. "హెంగ్ పాపం వాయిస్తూనే ఉన్నాడు."

గురువమ్మా నేను ఇస్త్రీ పనే, ఎప్పుడో ఒకసారి మనుషులు తక్కువైతే, అని మొదలుపెట్టాను, నోరు దానంతటదే.

"నోర్ముయ్. పదకొండేళ్ళుగా నీ చెవుల వెనక పౌడర్ చూస్తున్నాను. దుప్పట్లకి పౌడర్ రాస్తారా ఎక్కడైనా?"

మరి ఆ మాటెందుకన్నారు అన్నాను, ఆడని చెయ్యి కావాలని ఎందుకన్నారు. నా గొంతులో కోపం నాకే వింతగా వినిపించింది. ఆవిడ ఇంకో రెండు కుట్లు కత్తిరించింది, ఊపిరి కొంచెం లోపలికి వెళ్ళింది.

"నువ్వు చెబుతావని. నువ్వు చెబితే నేనూ చెప్పేద్దామని. నువ్వు తల దించుకున్నావు, నేనూ దించుకున్నాను. ఇద్దరం దొంగలమే కదే." టక్. "ఆడానే నేను. ఆ విందులో. ఒక్క రోజు కాదు, మూడు రోజులు. కోళ్ళు కోసుకున్నారు. వాళ్ళు నములుతుంటే ఆడాను. బాగా ఆడాను కూడా, తప్పు పోతే చంపుతారేమోనని. ఆడాక పళ్ళెం నిండా తెల్లన్నం పెట్టారు. మా చెల్లెలు బయట కట్టెలమోపు వెనక దాక్కుని ఉంది. దానికో పిడికెడు కొంగులో కట్టుకుందామనుకున్నాను. కట్టలేదు. మూడు రోజులూ కట్టలేదు."

చెల్లెలు ఏమైందని అడగలేదు. షెడ్డు పటాల్లో ఉంటుంది ఒక చిన్నపిల్ల, గురుపూజ రోజు దానికి అన్నం ముద్ద విడిగా పెడుతుంది ఆవిడ. మరి వేలు అన్నాను. వేలు పట్టుకుని వేలాడుతున్నాను అప్పటికి.

"సైకిల్ గొలుసులో పడింది. అంతా అయిపోయాక, బియ్యం మూట తెచ్చుకుంటుంటే. ఆ కథ మీ పిల్లమూక అల్లింది. బాగుందని ఊరుకున్నాను. అది విన్నాక కొట్టకుండానే మాట వినేవాళ్ళు మీరు." చివరి కుట్టు తెగింది, రవిక చిప్ప విడినట్టు విడిపోయింది, వీపు మీద గాలి తగిలింది. ఆవిడ కత్తెర పక్కన పెట్టి నా మొహం చూసింది. "అదిగో. ఆ చూపు. నలభై ఏళ్ళు ఆ చూపుకే భయపడ్డాను. చూడు, పర్లేదు. రొయ్యలకి దండం పెట్టుకునే దాన్ని నేనూ అలాగే చూస్తున్నాలే."

నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఆ పెదవి మీద నూనె ఇంకా ఉంది. ముప్పై రెండేళ్ళు ఆ వేలికి దండం పెట్టాను, ఆ వేలు గుర్తొచ్చి ఇస్త్రీపెట్టె ఆనించుకున్నాను, ఏటా గొంతు తగ్గించి చెప్పాను, సైకిల్ గొలుసు. నాకు ఏడుపు రాలేదు, డోకు వచ్చింది. పుస్తకం ఎవరికిస్తారు రేపు అని అడిగాను, మర్యాద లేకుండానే అడిగాను.

"ఆడని చెయ్యి ఎక్కడుందో చూపించు, దానికే ఇస్తాను. లేదుగా. తెల్లారకముందే రా, పిల్లలు రాకముందు. మొగ్గ దగ్గర్నుంచి. బెత్తం ఎక్కడుందో నీకు తెలుసు." పళ్ళెం మీది మూత తీసింది. అన్నం, చేపకూర, అంచున రెండు దోసకాయ ముక్కలు, చల్లారిపోయి కొబ్బరిపాలు తెట్టెకట్టాయి. "తిను."

వద్దన్నాను. నేనిక్కడ తినను అన్నాను, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా.

"ఆ విందులో అన్నం ఎలా ఉందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు నన్ను. అడిగేవాళ్ళకి తెలియదుగా," అంది. "చాలా బాగుందే. అంత మంచి అన్నం మళ్ళీ తినలేదు నేను." వణికే చేత్తో చెంచా నింపింది, కొంచెం నా ఒళ్ళో ఒలికింది, నా నోటి దగ్గర పెట్టింది. "నోరు తెరువు."

తెరిచాను. పొద్దుట్నుంచి రెండు అరటిపళ్ళు, నాలుగింటి నుంచి చుక్క నీళ్ళు లేవు, కుట్లు విప్పిన కడుపు. నిమ్మగడ్డి, గలంగ దుంప, కొబ్బరి, చేప నాలుక మీద విరిగిపోయింది, అన్నం పొడిపొడిగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ వాసనకే గదా ముక్కు మూసుకున్నాను. ఉమ్మేద్దామనుకున్నాను. బాగుంది. ఛీ, ఎంత బాగుందో. మింగి ఇంకో చెంచాకి నోరు తెరిచాను.